మాట్లాడే కాపలా

సోమవారం పొద్దున పిచ్చుక కంప్యూటరుకి తాళం పడింది. గది తలుపుకి పడే తాళం కాదు. రెండు నెలలుగా ఆమె విని టైపు చేసిన నలభై మూడు సాక్ష్యాలూ ఒక్కసారిగా తెరుచుకోకుండా పోయాయి. ‘డబ్బు పంపితే తాళం తీస్తాం’ అని ఎవరో ఊరూ పేరూ లేనివాళ్లు పెట్టిన వాక్యం తప్ప అందులో ఇంకే మాటా మిగల్లేదు. నూలు మిల్లులో బాయిలరు పేలి పదకొండు మంది పోయిన ప్రమాదం మీద విచారణ నడుస్తోంది. సాక్షుల మాటలు రికార్డింగులో విని, పొల్లు పోకుండా టైపు చేసి ఇవ్వడం పిచ్చుక ఉద్యోగం. ఏడో ఏట చూపు పోయినదానికి ముప్పై మూడో ఏట దొరికిన మొదటి పెద్ద పని అది.

అసలు రికార్డింగులు విచారణ ఆఫీసులో భద్రంగానే ఉన్నాయి. పోయింది నమ్మకం. “శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా మీ కంప్యూటరుకి ఏ రక్షణ పెట్టుకున్నారో, దాని తాళాలు ఎవరి చేతిలో ఉంటాయో రాసి తెచ్చివ్వండి. లేకపోతే పని ఇంకొకరికి ఇస్తాం” అని ఆఫీసు సూపరింటెండెంటు ఫోనులో చెప్పి పెట్టేశాడు.

ఇంట్లో మాత్రం తీర్పు సోమవారమే వెలువడింది. “చూసుకోకుండా ఏదో ఉత్తరం తెరిచావు” అన్నాడు అన్నయ్య. ఆ ‘చూసుకోకుండా’ అన్న మాట మూడు రోజులుగా ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. అమ్మ నిట్టూర్పులో వినిపించింది. వదిన గిన్నెల చప్పుడులో వినిపించింది. చివరికి పిచ్చుక కూడా నమ్మేసింది. పక్క మీద కూర్చుని, పోయిన వారం తెరిచిన ఉత్తరాలన్నీ ఒక్కొక్కటే వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఏ ఉత్తరం దగ్గర తన వేళ్లు తనని మోసం చేశాయో ఎంత వెతికినా దొరకలేదు.

ఇవాళ గురువారం. పదిన్నర కావస్తోంది.

భోజనాల బల్ల మీంచి కాఫీ గ్లాసులు తీసేసి, అమ్మ తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచింది. ఆ బల్ల మీదకి ల్యాప్‌టాప్ తిరిగొచ్చింది. వీధి చివర మూడడుగుల వెడల్పు షాపులో స్క్రూడ్రైవర్లతో సంసారం చేసే ఆవిడ దాన్ని పూర్తిగా తుడిచి, కొత్తదానిలా చేసి ఇచ్చింది. ఆవిడని అందరూ రిపేరక్క అంటారు. ఎడమ చంకలో దాన్నీ, కుడిచేతిలో కర్రనీ పట్టుకుని పిచ్చుక రెండంతస్తుల మెట్లూ తనే ఎక్కింది. మధ్యలో ఎవరో “ఇలా ఇవ్వమ్మా, నేను తెస్తాను” అంటే “వద్దండీ, దీన్ని ఇంకొకళ్ల చేతిలో పెట్టే అలవాటు మానేశాను” అంది.

అన్నయ్య చెప్పులు విడిచిన చప్పుడు. ఆ వెంటనే బల్ల మీద చిన్న ప్లాస్టిక్ ముక్క పడిన చప్పుడు. పెన్‌డ్రైవ్.

“ఇంకా యాంటీవైరస్ ఏదీ వెయ్యలేదుగా? మంచిపని చేశావు. ఇదిగో, ఫుల్ వెర్షన్. బయట కొనాలంటే ఏడాదికోసారి కడుతూ ఉండాలి. ఐదు నిమిషాల పని. కాస్త జరుగు పిచ్చుకా.”

“జరగను అన్నయ్యా.”

వంటింట్లో గరిటె ఆగింది.

అన్నయ్య కోచింగ్ సెంటర్లో కంప్యూటరు పాఠాలు చెబుతాడు. ఆ వీధిలో ఎవరి ఫోను మొరాయించినా, ఎవరి టీవీకి బొమ్మ రాకపోయినా “మాస్టారున్నారా?” అంటూ ఈ మెట్లే ఎక్కుతారు. అలాంటి మనిషిని ఈ ఇంట్లో ఇంతవరకూ ‘జరగను’ అన్నవాళ్లు లేరు.

“జరగకపోతే ఎలా వెయ్యను?”

“నువ్వు వెయ్యక్కర్లేదు. నేను ఎంచుకున్నాను. వేసేశాను కూడా.”

“ఎంచుకున్నావా?” అతని గొంతులో కోపం రాలేదు. నవ్వొచ్చింది. అదే ఆమెకి ఎక్కువ మండింది. “ఏది ఎంచుకున్నావేంటి?”

“కంప్యూటరుతో పాటు వచ్చేదే.”

“ఊరికే వచ్చేదా! మా సెంటర్లో పిల్లలు మొదటిరోజు తీసి అవతల పారేసేది అదే.”

“వాళ్లకి కళ్లున్నాయి అన్నయ్యా. వాళ్లు ఏది పెట్టుకున్నా చూసుకుంటారు. నాకు కావలసింది మాట్లాడే కాపలా.”

నిజానికి ఆ మాట వెనక మంగళ, బుధవారాలు రెండూ ఉన్నాయి. రిపేరక్క షాపులో ఒక పాత కంప్యూటరు ముందు స్టూలు వేసుకుని, నెల రోజులు ఉచితంగా వాడుకోనిచ్చే రక్షణ ప్రోగ్రాములు ఒకదాని తర్వాత ఒకటి వేయించుకుని విన్నది. వినడమే ఆమె పరీక్ష. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాం ఆమెకి ఒకటుంది. దానికి ఆమె పెట్టుకున్న పేరు వాగుడుకాయ. ఆ వాగుడుకాయ చదవగలిగితేనే ఏ రక్షణ అయినా ఆమెకి రక్షణ.

మొదటిదాన్ని తెరిస్తే వాగుడుకాయ “బటన్. బటన్. బటన్. బటన్” అంది. ఏ బటన్ దేనికో చెప్పలేదు. చేసినవాళ్లు వాటికి పేర్లే పెట్టలేదు, అన్నీ బొమ్మలే. “ఒకటి నొక్కితే దొంగని పట్టుకుంటుంది, ఇంకోటి నొక్కితే వదిలేస్తుంది. ఏది ఏదో దేవుడికే తెలియాలి” అని రిపేరక్క దాన్ని తీసేసింది. రెండోది బాగానే మాట్లాడింది గానీ నోరు మూయలేదు. పది నిమిషాలకోసారి ‘మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది, పెద్ద ప్యాకేజీ కొనుక్కోండి’ అని వాగుడుకాయ గొంతు మీదకెక్కి అరిచింది. నిజంగా దొంగ వచ్చిన రోజున కూడా ఇదే గొంతుతో అరుస్తుందేమో, అప్పుడు ఎవరు నమ్ముతారు అని పిచ్చుక దానికీ దణ్ణం పెట్టింది.

మూడోది వేసిన క్షణంలో గది నిశ్శబ్దమైపోయింది. రిపేరక్క తెర చూసి పగలబడి నవ్వింది. “నువ్వు నొక్కే ప్రతి అక్షరాన్నీ ఎవరో వింటున్నారట! ఆ దొంగని పట్టి బంధించానంటోంది.” అది పట్టుకున్న దొంగ వాగుడుకాయ. పిచ్చుక కూడా నవ్వింది. నవ్వి, వెంటనే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో తను మళ్లీ ఏడేళ్ల పిల్లై గోడలు తడుముకుంటున్నట్టు అనిపించింది. “తీసెయ్యక్కా, ఇప్పుడే తీసెయ్యి” అంది.

చివరికి మిగిలింది యంత్రంతో వచ్చేదే. ప్రతి మాటా చదవనిచ్చింది. పనుంటేనే పిలిచింది. పట్టుకున్నదేమిటో, ఎప్పుడు పట్టుకుందో, ఏం చేసిందో జాబితా రాసి పెట్టుకుంది. “ఇదే చాలంటావా అక్కా?” అని అడిగితే రిపేరక్క తొందరపడి ఊ అనలేదు. “దీనొక్కదాన్నే నమ్ముకుంటే చాలదు. వచ్చిన అప్‌డేట్లు వచ్చినట్టు వెయ్యాలి. రోజూ పనిచేసే ఖాతాకి కొత్త ప్రోగ్రాములు వేసే అధికారం ఉండకూడదు, ఆ అధికారం వేరే ఖాతాలో వేరే పాస్‌వర్డ్ కింద దాచుకోవాలి. చేసిన పనికి వారానికో నకలు తీసి, ఆ డిస్కుని యంత్రం నుంచి ఊడదీసి బీరువాలో పెట్టాలి. తగిలించి ఉంచావా, దానికీ తాళం పడుతుంది” అంది. పిచ్చుక ఆ మాటలన్నీ సాక్ష్యం టైపు చేసినంత శ్రద్ధగా తలలో రాసుకుంది.

ఇదంతా ఇప్పుడు అన్నయ్యకి చెప్పింది. అతను మధ్యలో రెండుసార్లు “సరే, సరే” అన్నాడు. అంటే వినడం లేదని అర్థం.

“సరే, అది ఉంచుకో. దాని మీద ఇది కూడా వేస్తాను. ఆ పెద్ద పాస్‌వర్డ్ మాత్రం నా దగ్గర ఉంటుంది. నీకెందుకా తలనొప్పి? టైపు చేసుకో, చాలు.”

“ఒకదాని మీద ఒకటి వేస్తే రెండూ కొట్టుకుంటాయి. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంటుంది.”

“పిచ్చుకా!” ఈసారి నవ్వు లేదు. “మళ్లీ ఇంకో ఉత్తరం తెరుస్తావు. మళ్లీ తాళం పడుతుంది. అప్పుడు నన్ను పిలవొద్దు మరి.”

“ఏ ఉత్తరం అన్నయ్యా?”

“ఏదో ఒకటి. నాకేం తెలుసు? చూసుకోకుండా తెరిచినదానివి నువ్వు.”

పిచ్చుక చెవుల్లోంచి హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. వైరు పట్టుకుని యంత్రం నుంచి లాగేసింది. వాగుడుకాయ గొంతు మొదటిసారి గది మొత్తానికి వినిపించింది. ఇసుక జల్లించినట్టు సర్రున పోతున్న గొంతు. అంత వేగంలో మాట ఆమెకి తప్ప ఇంకెవరికీ అందదు.

“ఇదేం భాషే?” అంది అమ్మ గుమ్మంలోంచి.

“తెలుగేనమ్మా. ఉండు, నీకోసం నెమ్మది చేస్తాను.” వేగం ఆరు మెట్లు తగ్గించింది. చిన్నపిల్లలకి ఒత్తులు నేర్పే పంతులమ్మలా వాగుడుకాయ ఒక్కో మాటా విడదీసి పలకడం మొదలెట్టింది. “తుడిచేసే ముందు రిపేరక్క పాత డిస్కుకి నకలు తీసింది. తాళం పడినవి తెరుచుకోవు గానీ, యంత్రం తన డైరీ తను రాసుకుంటుంది కదా, అది మాత్రం చెక్కుచెదరలేదట. అందులో ఒక్క పేజీ నాకిచ్చింది. మీరూ వినండి.”

“ఇప్పుడివన్నీ ఎందుకు?” అన్నాడు అన్నయ్య.

ఆమె మీట నొక్కింది.

“ఆదివారం. ఉదయం. పది గంటల. నలభై రెండు నిమిషాలు. బయటి డ్రైవు తగిలించబడింది” అంది వాగుడుకాయ. “పది గంటల. నలభై మూడు నిమిషాలు. హెచ్చరిక. ప్రమాదకరమైన ఫైలు. ఫైలు పేరు. ఫుల్ వెర్షన్ తాళంచెవి. తెరవవద్దని సూచన.”

పైన ఫ్యాను తిరుగుతోంది.

“పది గంటల. నలభై మూడు నిమిషాలు. చర్య. అనుమతించబడింది. అనుమతించినవారు. మాస్టారు.” ఆ యంత్రంలో అన్నయ్య ఖాతాకి అతను పెట్టుకున్న పేరు అదే.

“ఆదివారం పదిన్నరకి మనం మీ పెద్దమ్మావాళ్లింట్లో ఉన్నాం కదే...” అని మొదలుపెట్టి, అమ్మ తన మాట తనే విని ఆపేసింది.

“అవునమ్మా. నేనక్కడ నీ పక్కనే కూర్చున్నాను. కంప్యూటరు ఇక్కడుంది.”

కుర్చీ వెనక్కి జరిగింది. అన్నయ్య లేచాడు. “మంచికే చేశాను! పాతదానికి గడువైపోయిందని రోజూ గోల పెడుతోంటే నీకే చిరాకని కొత్తది వేశాను. అది ఇలాంటిదని నాకేం తెలుసు?”

“యంత్రం చెప్పిందిగా, తెరవొద్దని.”

“ఇలా డబ్బు కట్టకుండా వాడుకునేవాటికి అది ఎప్పుడూ అలాగే అంటుంది. అందరూ ఎస్ నొక్కుతారు.”

“నువ్వు ఎస్ నొక్కినందుకు నేనేం అనడం లేదు.” పిచ్చుక గొంతు పెంచలేదు. “సోమవారం పొద్దున తాళం పడగానే నీకు తెలిసిందా, లేదా? అది చెప్పు.”

జవాబు రాలేదు. సాక్షులు ఇలా ఆగినచోట ఆమె కాగితం మీద ‘మౌనం’ అని టైపు చేస్తుంది. ఎన్ని సెకన్లో కూడా రాస్తుంది. ఇది ఏడు సెకన్లు.

“అనుమానం వచ్చింది” అన్నాడు.

“వచ్చాక కూడా ‘చూసుకోకుండా తెరిచావు’ అన్నావు.”

“మరేమనాలి? నేనే చేశాననాలా? వీధిలో తెలిస్తే రేపు సెంటర్లో ఎవరు నా ముందు కూర్చుంటారు? మాస్టారి సొంతింట్లోనే వైరస్ అని...”

“అందుకని నా కళ్ల మీదకి తోసేశావు. అడిగేవాళ్లుండరని.”

పదేళ్లపాటు ఆమె పాఠ్యపుస్తకాలన్నీ పైకి చదివి వినిపించింది ఈ అన్నయ్యే. తన పరీక్షలు పక్కన పెట్టి మరీ చదివాడు. అతని గొంతులో విన్నదాన్ని ఆమె ఎన్నడూ ఇంకొకళ్లని అడిగి సరిచూసుకోలేదు. అందుకే మూడు రోజులు తన వేళ్లని అనుమానించింది గానీ, ఆ గొంతుని అనుమానించలేదు.

“అన్నయ్యని అలా నిలదీస్తారా ఎవరైనా?” అమ్మ గుమ్మంలోంచి ముందుకొచ్చింది. “నీ కోసం ఎంత చేశాడు వాడు!”

“చేశాడమ్మా. కాదనను. మూడు రోజులు నన్ను నిలదీసినప్పుడు నువ్వెందుకు ఈ మాట అనలేదు?”

అప్పుడు వదిన మాట్లాడింది. రక్తపరీక్షల ల్యాబులో పన్నెండింటికి డ్యూటీ. బ్యాగు భుజాన వేసుకుని తయారై నిలబడి ఉంది. “నేను చూశాను” అంది. “ఆదివారం ఆయన పెన్‌డ్రైవ్ పెట్టడం.”

“నువ్వు కూడానా!” అన్నాడు అన్నయ్య.

“మీరే చెబుతారని ఆగానండీ. సోమవారం చెబుతారనుకున్నాను. మంగళవారం చెబుతారనుకున్నాను. నిన్నటితో నాకు సిగ్గేసింది.”

పిచ్చుక ఆవిడ వైపు తిరిగింది. “మూడు రోజులు వదినా! పక్క గదిలోనేగా పడుకున్నాను.”

“తప్పే పిచ్చుకా. తప్పు కాదని అనను.” వదిన అంతకన్నా ఏమీ చెప్పలేదు. సాకులు చెప్పకపోవడం పిచ్చుకకి నచ్చింది. కోపం మాత్రం తగ్గలేదు.

“అందరూ కలిసి నా పరువు తీశారు. బాగుంది” అన్నాడు అన్నయ్య. పెన్‌డ్రైవ్ బల్ల మీద నుంచి తీసుకున్నాడు. “ఏలుకో. నీ కంప్యూటరు, నీ కాపలా. నేనేమిటో నీకు తెలిసొస్తుంది.” చెప్పులు వేసుకోకుండానే గుమ్మం దాటి, మళ్లీ వెనక్కొచ్చి వేసుకుని వెళ్లాడు. మెట్ల మీద అతని అడుగులు కింద వీధి గేటు దాకా విని, పిచ్చుక వేళ్లు మీటల మీదకి తెచ్చింది.

పెద్ద ఖాతాకి పాస్‌వర్డ్ పెట్టడం మొదలెట్టింది. నొక్కిన అక్షరం ఏదో బయటపెట్టకుండా వాగుడుకాయ “చుక్క. చుక్క. చుక్క” అంటూ పోయింది. ఇరవై రెండు చుక్కలు.

“అంత పొడుగా?” అంది అమ్మ. “మర్చిపోతే?”

“మర్చిపోతే నేనే మర్చిపోయినదాన్నవుతాను.”

“నాకన్నా చెప్పి ఉంచవే, ఎందుకైనా మంచిది.”

“నీకు కూడా చెప్పనమ్మా.”

అమ్మ చిన్నబుచ్చుకుని వంటింట్లోకి వెళ్లింది. పది నిమిషాల తర్వాత వచ్చి ఆమె చేతికి కాఫీ గ్లాసు అందించి, “నేను అడగను కూడా అడగకుండా నమ్మేశాను” అంది. పిచ్చుక కాఫీ తాగింది. పర్వాలేదమ్మా అనలేదు. పర్వా ఉంది మరి.

మధ్యాహ్నం ఆఫీసుకి ఇవ్వాల్సిన ఉత్తరం టైపు చేసింది. మొదటి ప్రతిలో ‘దయచేసి’ అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. నాలుగూ కొట్టేసింది. మిగిలింది ఇది:

‘సూపరింటెండెంటు గారికి, నా కంప్యూటరుకి యంత్రంతో వచ్చిన రక్షణనే ఎంచుకున్నాను. దాని హెచ్చరికలన్నీ నేను స్వయంగా విని అర్థం చేసుకోగలను కాబట్టి ఎంచుకున్నాను. అధికారం గల ఖాతా తాళం నా ఒక్కదాని దగ్గరే ఉంది. ఇకముందు ఆ యంత్రంలో ఏం జరిగినా జవాబు చెప్పవలసింది నేనే. చూపున్న వాళ్లెవరైనా పర్యవేక్షించాలని మీరు అంటారేమో. సోమవారం పడిన తాళం చూపున్న మనిషి అనుమతితో వచ్చిందే. ఆధారం జతచేస్తున్నాను.’

రెండుసార్లు వినిపించుకుంది. మూడోసారి కేవలం సంతోషం కోసం వింది.

మూడున్నరకి రిపేరక్క నకలు తీసిన డిస్కు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. తాళం పడని పాత కాగితాలు కొన్ని అందులో ఉన్నాయి, వాటిని తిరిగి యంత్రంలోకి తెచ్చుకోవాలి. “ముందు నీ కాపలావాణ్ణి దీని మీదకి వదులు. వాడు ఊ అన్నాకే ఏదైనా లోపలికి” అంది.

వదిలారు. వాగుడుకాయ పావుగంటకోసారి అంకెలు చెబుతోంది. పదివేల ఫైళ్లు. ముప్పైవేల ఫైళ్లు. మొదట దొరికింది ఆదివారంనాటి తాళంచెవి. దొరుకుతుందని తెలిసిందే. రిపేరక్క బ్యాగు సర్దుకోబోయింది.

“రెండవ ప్రమాదం కనుగొనబడింది” అంది వాగుడుకాయ.

“రెండోదా?” రిపేరక్క మళ్లీ కుర్చీ లాక్కుంది. తెరకి దగ్గరగా వంగినట్టుంది, ఆమె ఊపిరి పిచ్చుక చేతికి తగిలింది. “ఇది ఆదివారం వచ్చింది కాదు చెల్లీ. రెండు నెలల కిందటిది. అప్పుడున్న పాత రక్షణకి కొత్త దొంగల గుర్తులు అందక ఎన్నాళ్లయిందో, అందుకే దాని కన్నుగప్పింది. ఇది తాళం వేసే రకం కూడా కాదు. నువ్వు టైపు చేసిన ప్రతి కాగితానికీ నకలు తీసి, చప్పుడు చెయ్యకుండా బయటికి పంపే రకం.”

“ఏ ఫైల్లో ఉంది?”

రిపేరక్క చదవకముందే వాగుడుకాయ చదివింది. “ఫైలు పేరు. టైపిస్టులకు సూచనలు.”

పిచ్చుకకి ఆ ఫైలు కంఠతా వచ్చు. పనిలో చేరిన రోజున విచారణ ఆఫీసు నుంచి వచ్చిన మొట్టమొదటి ఫైలు అది. సాక్షుల పేర్లు ఎవరికీ చెప్పరాదు అన్నది అందులో మొదటి సూచన.

మిల్లులో బాయిలరు గదికి కాపలా ఉండే మనిషి గుర్తొచ్చాడు. పేలుడికి ముందురోజే ఆవిరి ఒత్తిడి చూపే గడియారం ముల్లు ఎర్రగీత దాటిందని, చెప్పినా పైవాళ్లు వినలేదని సాక్ష్యం ఇచ్చాడు. ఆ సాక్ష్యం ఆమె టైపు చేసిన మర్నాడే మిల్లువాళ్లు అతన్ని పనిలోంచి తీసేశారు. తన పేరు ఎలా బయటికి పోయిందని అతను రెండో రికార్డింగులో ఏడ్చాడు. ఆ ఏడుపు కూడా ఆమే టైపు చేసింది. దాన్ని కూడా ఎవరో పక్కనే కూర్చుని చదివారన్నమాట.

“అక్కా, డిస్కు ఊడదీసెయ్యి” అంది. “నాకివ్వు.”

డిస్కు అరచేతిలో ఇంకా వెచ్చగా ఉండగానే ఫోను మోగింది.

“ఏమ్మా, నేను సూపరింటెండెంటుని. రేపటి ఉత్తరం తయారేనా?”

“తయారేనండీ.”

“మంచిది. వచ్చేటప్పుడు ఆ పాత డిస్కు కూడా తెచ్చి మాకు అప్పగించెయ్యండి. సాక్షుల విషయం కదా, అలాంటివి బయట ఉండకూడదు. మా దగ్గర భద్రంగా ఉంటుంది.”

“ఏ డిస్కండీ?”

“అదేనమ్మా. షాపులో తీసి పెట్టిన నకలు.”

రిపేరక్క ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నకలు సంగతి ఆఫీసుకి ఎవరూ చెప్పలేదు. ఇవాళ పొద్దున ఈ బల్ల దగ్గర తప్ప ఆ మాట ఇంకెక్కడా బయటికి రాలేదు.

“మీకెవరు చెప్పారండీ?” అంది పిచ్చుక.

సూపరింటెండెంటు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టినట్టున్నాడు. వేళ్ల సందుల్లోంచి గది చప్పుళ్లు పల్చగా వచ్చాయి. కాగితాలు తిప్పుతున్నారు. ఎవరో గ్లాసు కింద పెట్టారు. దూరంగా ఇంకో గొంతు “నేనిక్కడున్నట్టు చెప్పకండి సార్” అంది. మామూలు చెవికి అది వట్టి గుసగుస. పదేళ్లు పాఠాలు చదివి వినిపించిన గొంతు అది.

పిచ్చుక లేచి నిలబడింది. ఆదివారం అన్నయ్య నొక్కిన ఎస్‌కీ, ఆఫీసు పంపిన ఫైలుకీ రెండింటికీ ఆధారమైన ఆ డిస్కుని చేతిసంచీలో వేసుకుంది. కర్ర కోసం చెయ్యి చాపితే రిపేరక్క అందించింది.

“రేపటిదాకా ఎందుకండీ?” అంది ఫోనులో. “ఇప్పుడే వస్తున్నాను. మా అన్నయ్యని అక్కడే కూర్చోమనండి.”